మూడు వందల మాలల దూరంలో నెప్ట్యూన్

ఈ వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా తోటికోడలు సరోజన. కొత్తిమీర కోసం బజారుకు పోయిన మనిషి కొత్తిమీర మరిచిపోయి వచ్చి, గడపలోనే నిలబడి చెప్పింది.

"అక్కా, ఇన్నవా? మాలతీ బాయి నెప్ట్యూన్‌కు పోతదంట. నడుసుకుంటనే పోతదంట."

"గదేడుంది?"

"ఉమ్రీ దిక్కంట."

మాలతీ బాయి మా వీధి చివరింట్లో ఉంటారు. మా నాందేడ్‌లో బడిలో చదువు చెప్పే ఆడవాళ్లను బాయి అంటాం. ఆమె ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యారు. మాట్లాడేది మరాఠీ. ఆ మాటలను నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. తెలుగు అక్షరాలు, మరాఠీ అక్షరాలు, పంచాంగం చూడడం అన్నీ మా నాన్న ఇంట్లోనే నేర్పారు. అందుకని సంగతి తెలుసుకుందామని వెళితే బాయి ఒక పాత పాఠ్యపుస్తకం తెరిచి చూపించారు. మూలన సూర్యుడు, పక్కనే ఎనిమిది గ్రహాలు, పళ్లెంలో లడ్డూల్లా ఒకదానికొకటి ఆనుకుని.

"ఈ బొమ్మ చూపించే ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను రుక్మిణీ. ఇది ఇట్లా ఉండదు పిల్లలూ, నడుమ చాలా ఖాళీ ఉంటుంది అని ప్రతి ఏడూ చెప్పేదాన్ని. ఆ ఖాళీ ఎంతో ఒక్కసారీ చూపించలేదు. వచ్చే నెల నా మోకాళ్ల ఆపరేషన్. తర్వాత ఇంత దూరం నడుస్తానో లేదో తెలియదు. ఈలోపే పోయి రావాలి."

ఆమె లెక్క చాలా సులువు. కోటి కిలోమీటర్లకు వంద మీటర్లు. ఆ లెక్కన సూర్యుడు నాందేడ్‌లో ఉంటే నెప్ట్యూన్ నలభై అయిదు కిలోమీటర్ల అవతల పడుతుంది. ఏ గ్రహం ఎంత ఉండాలో అంతే కొలతకు, దాని చోట ఒక ఇంటి వాకిట్లోనో కొట్టు ముందరో ముగ్గుగా వేయాలి. ఆ ఇంటివాళ్లు సరే అంటేనే వేయాలి. ఒక్కటి తప్పినా ముందుకు పోకూడదు.

"ఒకటి వదిలేసి పోతే మనదీ పుస్తకంలో బొమ్మే అవుతుంది" అన్నారు బాయి. "నా గీత వంకర. నీ చెయ్యి కావాలి."

మా ఆయన మా పూజాసామాన్ల దుకాణంలోంచి రెండు సంచుల ముగ్గుపిండి, రంగులు తీసిచ్చి, "అందరితోని మంచిదే గని, ఒగాయనతోని పైలం" అన్నారు. ఎవరి సంగతో నాకు అప్పుడు తట్టలేదు.

బడి మైదానం: సూర్యుడు

బయలుదేరడానికి శుక్రవారం మంచిదని పంచాంగం చూసి చెప్పింది నేనే. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సూర్యుడికి పద్నాలుగు మీటర్ల వెడల్పు. బడి మైదానం నడుమ మేకు కొట్టి, ఏడు మీటర్ల తాడు కట్టి, మాతోపాటు బయలుదేరిన సరోజన తాడు పట్టుకుని తిరుగుతుంటే నేను వెనకే పిండి వదిలాను. నా జన్మలో అంత పెద్ద ముగ్గు వేయలేదు. నడుమ పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను.

దూరం కొలవడానికి నా జపమాలే టేపు. రెండడుగులకు ఒక పూస. నూట ఎనిమిది పూసలు తిరిగేసరికి నేను నూట యాభై మీటర్లు నడుస్తానని బాయి ముందే కొలిచి చూశారు. అంటే ఒక మాలకు కోటిన్నర కిలోమీటర్లు. అడుగు కొలత, నామస్మరణ ఒకేసారి జరిగిపోయే ఏర్పాటు నాకు ఇదివరకు ఎవరూ చేసిపెట్టలేదు.

"నీకు నచ్చే ముక్క ఒకటి చెప్తాను" అన్నారు బాయి గేటు దగ్గర. "ఇట్లాంటి సూర్యుళ్లను వరసగా నూట ఎనిమిది పేరిస్తే భూమి వస్తుంది."

నేను చేతిలో మాల చూసుకున్నాను.

"కొంచెం తక్కువలే. నూట ఏడున్నర."

ఆ అర నాకు పెద్ద లెక్కగా తోచలేదు.

పది మాలల లోపల

నాలుగు మాలలైనా తిరగకముందే బుధుడు, ఉసిరికాయంత. ఏడు దాటగానే శుక్రుడు. పదో మాలకు భూమి. అరచేతిలో పట్టే నీలం చుక్క. కూరగాయల బండి పెట్టుకునే ఒకావిడ వాకిట్లో వేశాను. చిక్కు చంద్రుడి దగ్గర వచ్చింది. చంద్రుడు భూమికి నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. కొలిస్తే పక్కింటి వాకిట్లో పడ్డాడు. ఆ రెండిళ్లకూ ఏడాదిగా మాటల్లేవు.

"మీ చంద్రుడు మా దిక్కు ఎందుకచ్చిండు?" అని పక్కింటావిడ మమ్మల్నే అడిగింది, భూమి ఉన్నావిడను చూడకుండా.

"చంద్రుడు ఎప్పుడూ అక్కడే ఉన్నాడమ్మా, మనమే చూడలేదు" అన్నారు బాయి. ఆవిడ చీపురుతో అక్కడి కసువు తనే ఊడ్చి చోటిచ్చింది. బియ్యప్పిండితో చిన్న చుక్క పెట్టి లేచానో లేదో, ఆమె కోడి వచ్చి చంద్రుణ్ణి తినేసింది. రెండిళ్ల ఆడవాళ్లూ ఒకేసారి నవ్వారు, తర్వాత నవ్వినందుకు మొహాలు తిప్పుకున్నారు. రెండోసారి సున్నంపొడితో పెట్టాను. కోడిని పట్టుకుని నిలబడింది మాత్రం భూమి ఉన్నావిడ.

"మనిషి స్వయంగా పోయింది ఈ వాకిలి నుంచి ఆ వాకిలికే" అన్నారు బాయి. "మిగిలిన చోట్లకు యంత్రాలనే పంపాడు."

అంగారకుణ్ణి మరాఠీలో మంగళ అంటారు. పదిహేనో మాల తిరిగాక తలుపు తీసినావిడ పేరు మంగల్‌బాయి. నా పేరుతోనే వచ్చాడా అని మురిసిపోయి, ముగ్గు వేశాక మా ముగ్గురికీ పసుపు కుంకుమ పెట్టి పంపింది. మన ముగ్గు గీత మీద నడుస్తుంది. మరాఠీవాళ్ల రంగోళీ రంగు నింపితే గాని ముగియదు. మంగల్‌బాయి నా చేతిలోంచి ఎర్రరంగు తీసుకుని గ్రహాన్ని తనే నింపింది. మన దేశం పంపిన యంత్రం ఆ గ్రహం చుట్టూ తిరిగిందని బాయి చెబితే, "మరి ముందే చెప్పాలి కదా" అని ఇంకో చిటికెడు రంగు వేసింది.

టీకొట్టు: గురుడు

ఇక్కణ్ణుంచి ఖాళీ మొదలైంది. పదిహేను మాలలు దాటేవరకే నాలుగు గ్రహాలు పెట్టినవాళ్లం, అయిదోదానికి యాభై రెండో మాలదాకా నడిచాం. పత్తిచేలు, కందిచేలు, ఇటుకబట్టీ, మళ్లీ పత్తి. బాయి చేలవైపు చెయ్యి చాపి, "చూశావా, ఇదీ నేను చెప్పలేకపోయింది" అన్నారు.

యాభై రెండో మాల ఒక టీకొట్టు ముందు ముగిసింది. సరోజన తన హిందీలో కొట్టు యజమానిని అడిగింది, గురూ కోసం జాగా కావాలని. అతను మా సంచులు, నా మాల చూసి జాలిగా తల ఊపాడు. సిక్కుల గురుద్వారా వెనకే ఉండిపోయింది మాతాజీ, తొమ్మిది కిలోమీటర్లు దారి తప్పి వచ్చారు అన్నాడు. మూడు టీలు పోసి, యాత్రికుల దగ్గర డబ్బు తీసుకోనన్నాడు. నాందేడ్‌లో గురూ ఎక్కడ అని అడిగితే ఎవరైనా ఆ దారే చూపిస్తారు.

మేం వెతుకుతున్నది ఆకాశంలో గురూ అని తెలిసేసరికి కొట్టు బెంచీలన్నీ తనే పక్కకు జరిపాడు. దాదాపు మీటరున్నర వెడల్పు. పట్టీలు పట్టీలుగా గోధుమరంగు, నడుమ ఎర్రమచ్చకు కుంకుమ. అది ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న తుఫాను, భూమి అంతా అందులో పడుతుందని బాయి అన్నారు. పొద్దున వేసిన నీలం చుక్క నాకు గుర్తొచ్చింది. ఆ చుక్కలో నాందేడ్, అందులో మా వీధి, అందులో మేం ముగ్గురం. టీలో చక్కెర సరిగ్గా సరిపోయిందని కూడా అప్పుడే గమనించాను. దేవుడి దయ అనేది నాకు తరచూ అట్లాంటి చోటే కనబడుతుంది.

పేరు రాయని ఊరు: శని

రెండో రోజు శనివారం. శుక్రవారం బయలుదేరితే శని దగ్గరికి శనివారం చేరతామని పంచాంగం చూసిన నాకు తట్టలేదు. మా ఆయన పైలం అన్నది ఎవరితోనో అప్పుడు తెలిసింది. తొంభై అయిదో మాల ముగిసిన ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్లు తర్వాత మాతో చాలా మంచిగా ఉన్నారు.

మొదటి ఇంటావిడ చీపురు పట్టుకుని వాకిట్లోనే ఉంది. విషయం చెప్పగానే చీపురు అడ్డం పెట్టింది. "శనా? శనివారం పూటనా? మా ఇంట్లనా?"

రెండో ఇంట్లో తలుపు వేసుకున్నారు. మూడో ఇంట్లో కోడలు సరే అనబోతే లోపల్నుంచి అత్త దగ్గింది. నాలుగోది కిరాణా కొట్టు. అతను మమ్మల్ని పూర్తిగా మాట్లాడనివ్వలేదు. మా దగ్గర శనివారం పూట శని మహారాజు పేరు చెప్పి ఇంటింటా నూనె అడుగుతూ వచ్చేవాళ్లు ఉంటారు. మేమూ వాళ్లమే అనుకుని సరోజన చేతిలో ఉన్న ఖాళీ పిండిగిన్నెలో గరిటెడు నూనె పోసి దండం పెట్టాడు. అయిదో ఇంటివాళ్లు గిన్నెలో నూనె చూసి ఇంకో గరిటెడు పోశారు.

మధ్యాహ్నానికి ఏడిళ్లు కాదన్నాయి. గిన్నె నిండింది.

"గిట్లనే పోతే నెప్ట్యూన్ కాడికి పోయేసరికి డబ్బా నిండుతది" అంది సరోజన. "బాయీ, పేరు మార్చుదం. శని అనకు. ఇంగ్లీషుల శాటర్న్ అని చెప్పుదం. ఎవరికెరుక?"

బాయి ఒక రాయి మీద కూచుని మోకాలు ఒత్తుకుంటున్నారు. "అబద్ధం చెప్పి పెడితే అది శని ఎట్లా అవుతుంది? చోటు దొరకకపోతే ఇక్కణ్ణుంచే వెనక్కి పోదాం. శని వరకైనా వచ్చాం."

ఆ మాట ఆమె మామూలుగానే అన్నారు. ముప్పై ఏళ్ల కోరిక సగంలో ముడిచి సంచిలో పెట్టుకుంటున్న మనిషి గొంతు అది. వచ్చే నెల ఆపరేషన్ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ఊరివాళ్ల మీద నాకు కోపం రాలేదు. వచ్చే హక్కు లేదు. గుడిలో ప్రతి శనివారం శని చుట్టూ ప్రదక్షిణ చేస్తాను. నా సొంత వాకిట్లో వేస్తావా అని బాయి ముందే అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. మనసులోనే ఆయనకు క్షమాపణ చెప్పుకుని లేచాను.

ఊరి చివర, రోడ్డు పక్కన రేకుల ఇల్లు. ముందు అలికిన పెద్ద వాకిలి. ఒక ముసలామె పాత చీరల ముక్కలు పరుచుకుని బొంత కుడుతోంది. పెదాల మధ్య సూది. నేను మరాఠీలో మొదలుపెడితే, ఆమె సూది తీసి తెలుగులో అడిగింది.

"ఏ ఊరోళ్లు బిడ్డా? మాట మనదే లెక్కుంది."

ఆమె పేరు సాయవ్వ. పుట్టిల్లు ఇస్లాపూర్. ఇక్కడికి కోడలిగా వచ్చి నలభై ఏళ్లు దాటాయట. నేను దాచకుండా చెప్పాను. శనివారమని, శని అని, ఏడిళ్లు కాదన్నాయని.

సాయవ్వ సూదిని బొంతలో గుచ్చి పెట్టింది.

"ఏడున్నరేండ్లు ఉంటడంటరు గదా ఆయన. నా ఇంట్ల పిలువకుండనే అచ్చి ఉన్నడు. మా ఆయన పోయిండు. బర్రె పోయింది. బాయిల నీళ్లు ఎండినయి. గన్ని జేసినోన్ని ఇయ్యాల పిలిచి, వాకిట్ల కూసోబెట్టి, ముగ్గేసి మర్యాద జేస్తే ఇంకేం జేస్తడు? సిగ్గుపడి పోతడు. ఏయున్రి."

సరోజన నూనెగిన్నె కింద పెట్టి మొహం పక్కకు తిప్పుకుంది. బాయికి ఆ తెలుగు సగమే అర్థమైంది. నేను మరాఠీలో చెప్పాక లేచి వచ్చి సాయవ్వ చెయ్యి పట్టుకున్నారు.

గ్రహం నేను వేశాను. వలయాల దగ్గర నా చెయ్యి ఆగింది. మూడు మీటర్లకు కాస్త తక్కువ వెడల్పున, ఒకదాని వెనక ఒకటి, సన్నగా, సమానంగా పడాలి. సాయవ్వ చూసి, "జరుగు" అంది. బొంతకు టాకాలు, అదే కుట్లు, వేసినట్టే, అంచు నుంచి లోపలికి వరస తర్వాత వరస పిండి వదిలింది. తాడు లేదు, కొలత లేదు. ఒక్క వరస పక్కదాన్ని తాకలేదు.

"ఇవి దేనితోని అయినయి?" అని అడిగింది.

మంచుముక్కలని, లెక్కలేనన్ని చిన్నవీ పెద్దవీ కలిసి తిరుగుతాయని బాయి చెప్పారు.

"అంటే బొంతనే" అంది సాయవ్వ. నడుమ ఒక సందు వదలాలి అంటే, "మంచిదే, గాలి ఆడాలె" అని వదిలింది.

సాయంత్రానికి ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి దూరంగా నిలబడ్డారు, తర్వాత దగ్గరగా. చీపురు అడ్డం పెట్టినావిడ బంతిపూలు తెచ్చి వలయాల చుట్టూ పెట్టింది. గిన్నెలో నూనె ప్రమిదల్లో పోశాం. ఊరి నూనె ఊరికే వెలిగింది. రాత్రికి సాయవ్వే జొన్నరొట్టె, పల్లీల చట్నీ పెట్టింది. అంత మెత్తటి జొన్నరొట్టె నాందేడ్‌లో ఎంత పెట్టినా దొరకదు.

పొద్దున బయలుదేరుతుంటే ఒక చిన్న బొంత తెచ్చి బాయి భుజాన వేసింది. "కూసున్నకాడ మోకాళ్ల కింద ఏసుకో. ఆఖరుదాని కాడికి పోయినంక నా పేరు ఒక్కపారి అనున్రి. గా దిక్కు నేనెన్నడు పోలే."

ముద్ఖేడ్ దాటాక: యురేనస్

ఆదివారం ముద్ఖేడ్ దగ్గర పరుగు తీస్తున్న పోలీసు శిక్షణ కుర్రాళ్లు ఎదురయ్యారు. మాతాజీ, ఎక్కడిదాకా అని హిందీలో అడిగారు. "నెప్ట్యూన్" అన్నారు బాయి. ఆగకుండానే అందరూ సెల్యూట్ కొట్టి పోయారు. ఆ తర్వాత గంటసేపు బాయి మోకాలి మాట ఎత్తలేదు. రోడ్డు పక్క కిలో ఇరవైకి జామపళ్లు కొనుక్కుని తిన్నాం. కొసరుగా ఉప్పు, కారం పొట్లం.

నూట తొంభై ఒకటో మాల దగ్గర పడకకుర్చీలో ఒక పెద్దాయన. యురేనస్ పేరు ఆయన ఎన్నడూ వినలేదు.

"కొత్త గ్రహమా? ఏం కీడు చేస్తది?"

"ఏం చెయ్యదు కాకా" అన్నాను.

"జాతకంల ఉండదా?"

"ఉండదు."

"ఎవ్వల జోలికి పోదా? అయితే రెండు ఏసుకోన్రి."

నేను ఒకటే వేస్తుంటే, ఈ గ్రహం పక్కకు ఒరిగి పడుకుని తిరుగుతుందని బాయి చెబితే, ఆదివారం పూట మా ఆయన లెక్క అంది సరోజన. తర్వాత పెద్దాయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మీవి ఎనిమిదే, రాహువు కేతువు ఏరి అన్నాడు. గుడిలో తొమ్మిదికీ మొక్కుతాను, దారిలో ఎనిమిదే ఉన్నాయి, అటు తొమ్మిదికీ ఇటు ఎనిమిదికీ ఈ కాళ్లతోనే తిరుగుతున్నాను అని చెప్పాను. ఆయనకు అది సరిపోయింది.

గడప లేని చోటు

సోమవారం వంద మాలలకు పైగా మిగిలాయి. బాయి మోకాలు వాచింది. ఒక ట్రాక్టరు ఆగి ఎక్కమంది. రెండోదీ ఆగింది. బాయి రెండింటికీ నమస్కారం పెట్టి పంపేశారు. ప్రతి పది మాలలకు సాయవ్వ బొంత పరిచి కూచోబెట్టేవాళ్లం. సరోజన ఇంటిదగ్గర అందరినీ అనుకరిస్తూ మమ్మల్ని నవ్వించింది. మా ఆయన్ను అనుకరించినప్పుడు నేను కూడా నవ్వాను.

రెండు వందల తొంభై. తొంభై అయిదు. మూడు వందలు. ముప్పై రెండు వేల నాలుగు వందల నామాలు. ఆగి తల ఎత్తాను.

ఉమ్రీ ఇంకా కనబడలేదు. అటూ ఇటూ పత్తిచేలు. దగ్గరలో ఒక్క ఇల్లు లేదు. గుడిసె కూడా లేదు.

వాకిలి లేకపోతే వేయకూడదని నియమం పెట్టింది బాయే. కనబడుతున్న దూరాన ఒక ఇంటి కప్పు ఉంది. అక్కడికి పోతే కొలత తప్పుతుంది.

"ఈ ఒక్కటి అట్లా సర్దుకుందాం" అని నేనే అన్నాను, ఆమె కాలు చూసి.

బాయి తల అడ్డంగా ఊపారు.

అప్పుడు సరోజన బాయి భుజం మీది బొంత తీసి, రోడ్డు పక్క చదునైన చోట పరిచింది. నాలుగు మూలలా రాళ్లు పెట్టింది.

"గిది సాయవ్వ వాకిలి. ఆమెను అడగవల్సిన పనే లేదు. ముందే ఇచ్చింది."

బాయి వంగి బొంత అంచు సరిచేశారు. తర్వాత చెప్పులు విడిచి, ఒక ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడి, మరాఠీలో అడిగారు. "సాయవ్వా, లోపలికి రావచ్చా?"

నేను వేశాను. జానెడు తాడు తిప్పితే అరమీటరు నీలం. పత్తి ఏరుతున్న ఆడవాళ్లు చేనులోంచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ముగ్గు ముగిసాక సాయవ్వ తన పేరు ఒక్కసారి అనమంది కదా, ముగ్గురం మూడుసార్లు గట్టిగా అన్నాం. ఎవరో తెలియకపోయినా పత్తి ఆడవాళ్లూ అన్నారు.

బాయి వెనక్కి తిరిగి వచ్చిన దారి చూశారు. "ఈ చివరిదాని పక్క నుంచి ఒకే ఒక్క యంత్రం పోయింది, ఇంతవరకూ. నేను ముప్పై ఏళ్లు చెప్పిన ఖాళీ మొత్తం నడిచాను. ఒక్కటీ తప్పలేదు." తూర్పున పగటి చంద్రుడు తెల్లగా లేచి ఉన్నాడు. బాయి వేలెత్తి చూపించారు. "మన లెక్కలో సూర్యుడి తర్వాతి నక్షత్రం ఎక్కడ ఉండాలో తెలుసా రుక్మిణీ? దాదాపు నిజం చంద్రుడు ఉన్నంత దూరంలో."

"గాడికి నేను రాను" అంది సరోజన. "కొత్తిమీర తేవాలె."

బాయి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరి నుంచి మా ఇంటిదాకా వస్తారు, భూమి దాటి వచ్చినంత పని అయిందని చెప్పి నవ్విస్తారు. బొంతను తిరిగి ఇవ్వడానికి మేం ముగ్గురం బస్సులో పోయాం. ఎన్నిసార్లు ఉతికినా నీలం పోలేదు. సాయవ్వ వేలితో ఆ గుండ్రం చుట్టూ తడిమి, దాని మీద ఒక వరస టాకా వేసుకుంది. మా వాకిట్లో ఇప్పుడు ప్రతి శనివారం ఒక ముగ్గు ఉంటుంది, వలయాలతో సహా. నావి ఆమెవంత సమానంగా రావు.

మీలో ఎవరైనా గుడిలో నవగ్రహాల చుట్టూ తిరిగేటప్పుడు, శని ముందు కాస్త అడుగు తొందరపడితే, ఏడిళ్లు కాదన్నవాణ్ణి వాకిట్లోకి పిలిచిన ఒక మనిషి ఉందని తలుచుకోండి. పేరు సాయవ్వ. ఇస్లాపూర్ ఆడపడుచు. బొంతలు కుడుతుంది.